పండ్లతోటలో యెమెన్ నాణెం

2014లో ఒకనాడు అమెరికా ఈశాన్య తీరాన, రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని మిడిల్‌టౌన్ అనే ఊరి పండ్లతోటలో, ఒక ఔత్సాహికుడు లోహశోధక యంత్రాన్ని నేల మీదుగా అటూ ఇటూ ఊపుతూ నడుస్తున్నాడు. ఆ నేల అంతకుముందే అతనికి వలసకాలపు నాణేలను, ఒక పాత బూటు బకిల్‌ను, కొన్ని తుపాకి గుండ్లను ఇచ్చింది. యంత్రం మరల కూసింది. తవ్వి చూస్తే మాసిన వెండి బిళ్ళ. స్పెయిన్ నాణెమో, మసాచుసెట్స్ వలసవారు ముద్రించుకొన్నదో అనుకొన్నాడు. తుడిచి చూస్తే దాని మీద ఉన్నవి అరబ్బీ అక్షరాలు.

ఈ యంత్రంలో మాయ ఏమీ లేదు. కర్ర చివరనున్న తీగచుట్టలో విద్యుత్తు దిశ మార్చుకొంటూ ప్రవహిస్తుంది. దాని అయస్కాంత క్షేత్రం భూమిలోని లోహంలో చిన్న సుడి ప్రవాహాలను రేపుతుంది. వాటి ప్రతిస్పందనే చెవిలో కూతగా వినవస్తుంది. 1881లో తుపాకి దెబ్బ తిన్న ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్ దేహంలో తూటాను వెదకడానికి గ్రాహం బెల్ ఇటువంటి సాధనాన్నే ప్రయోగించి విఫలుడయ్యాడు. లోహం ఎక్కడున్నదో చెప్పగలదు కాని, ఎక్కడి నుండి వచ్చినదో అది చెప్పలేదు. ఆ సంగతి పుస్తకాలలో వెదకవలసిందే.

వెదకగా ఆ నాణెం 1693లో యెమెన్‌లో ముద్రించినదని తేలింది. ఎక్కడి యెమెన్, ఎక్కడి రోడ్ ఐలండ్!

ఆ ముద్రణకు రెండేళ్ళ తరువాత, 1695 సెప్టెంబరులో, ఔరంగజేబు నౌక ‘గంజ్-ఇ-సవాయి’ మక్కా యాత్రికులతో సూరత్‌కు మరలివస్తున్నది. ఇంగ్లీషు ఓడదొంగ హెన్రీ ఎవ్రీ తన ‘ఫ్యాన్సీ’తో దాన్ని వెంటాడాడు. తోడు వస్తున్న ‘ఫతే మహమ్మద్’ ముందే చిక్కింది. పెద్ద నౌకలో ఎనభై ఫిరంగులు, నాలుగువందల తుపాకులు ఉన్నవని ఆనాటి చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ వ్రాశాడు. కాని ఆరంభంలోనే సొంత ఫిరంగి ఒకటి పేలిపోయింది. కొయ్యస్తంభానికి గుండు తగిలింది. కప్తాను కింది అరలోకి పరుగెత్తి, తాను కొనితెచ్చిన దాసీల తలలకు పాగాలు చుట్టి, చేతికి కత్తులిచ్చి పోరాడమన్నాడట! తరువాత దోపిడీ దినాల తరబడి సాగింది. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. మానం దక్కించుకోవడానికి కొందరు సముద్రంలో దూకారు. ఎవ్రీని వీరునిగా కీర్తించిన ఇంగ్లండు నాటకశాలలకు ఈ భాగం అంతగా పట్టలేదు.

ఖాఫీ ఖాన్ లెక్క ప్రకారం నౌకలోని సొమ్ము యాభైరెండు లక్షల రూపాయలు. అది మోకా, జిద్దా రేవులలో హిందూస్థానపు సరుకులు అమ్మగా వచ్చిన వెండి బంగారాలు. యెమెన్ నాణెం ఇండియా నౌకలో ఎందుకుండవచ్చునో దీనివల్ల తెలుస్తున్నది.

మొగలాయి ఆగ్రహం ఈస్టిండియా కంపెనీ మీద పడింది. సూరత్ కోఠీ అధ్యక్షుడు శామ్యూల్ ఆన్స్‌లీ, అతని సిబ్బంది సంకెళ్ళలో గడపవలసివచ్చింది. ఎవ్రీ తలకు ఇంగ్లండు ప్రభుత్వం ప్రకటించిన 500 పౌనుల వెలను కంపెనీ రెట్టింపు చేసింది. 1696లో లండనులో అతని అనుచరులను విచారించగా జూరీ నిర్దోషులని విడిచిపుచ్చింది! వెంటనే వేరే నేరం మోపి మరల విచారించి, అయిదుగురిని ఆ నవంబరులో ఉరితీశారు. ఎవ్రీ మాత్రం ఎన్నడూ చిక్కలేదు.

అతడు బానిసల వర్తకునిగా నటిస్తూ బహామా దీవులు చేరాడన్నది తెలిసిన విషయమే. నాణెం కనుగొన్న వ్యక్తి పాత దస్తావేజులను తిరగవేసి, ‘సీ ఫ్లవర్’ అనే ఓడ 1696లో దాదాపు నాలుగు డజన్ల బానిసలతో రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్టు చేరినదనీ, అందులో ఎవ్రీ మనుషులున్నారనీ వాదించాడు. 2021 నాటికి ఆ కాలపు అరబ్బు నాణేలు మరి పదిహేను వెలుగు చూశాయి: మసాచుసెట్స్‌లో పది, రోడ్ ఐలండ్‌లో మూడు, కనెక్టికట్‌లో రెండు. ఇంకొకటి ఉత్తర కరొలినాలో దొరికింది.

అయినా తొందర తగదు. న్యూపోర్టుకే చెందిన థామస్ ట్యూ కూడ ఎర్రసముద్రంలో దోచి 1694లో ఇల్లు చేరినవాడే. ఒక్క నాణెం ఒక్క దొంగ పేరును ఒప్పించలేదు. మట్టి పొర నుండి పెరికి తీసినది మరింత తక్కువ చెబుతుంది.

మన దేశంలో ఇట్టి వేట అంత సులభం కాదు. నేలలో దాగిన సొమ్ము పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం శాసించింది. ఆ చట్టం చేసినవారు ఇంగ్లీషువారే.