నారిచ్‌లో కథల క్లాసు

1970లో ఇయాన్ మెక్యువన్ అనే కుర్రాడు ఇంగ్లండ్ తూర్పు కొసన నారిచ్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ ఈస్ట్ ఆంగ్లియాకు ఫోన్ చేశాడు. అక్కడి ఇంగ్లిషు ఎం.ఏ.లో పరిశోధన వ్యాసం కొంత తగ్గించుకుని, దాని బదులు సొంతంగా రాసిన కథలు ఇవ్వొచ్చని తెలిసి ఆరా తీద్దామనుకున్నాడు. ఫోను నేరుగా ప్రొఫెసర్ మాల్కం బ్రాడ్‌బరీకే కలిసింది. ఒక్కరూ దరఖాస్తు పెట్టుకోలేదు, అందుకే కథల భాగం ఎత్తేశామన్నాడాయన. నేను పెట్టుకుంటే? అన్నాడు కుర్రాడు. అయితే ఒకసారి రా, మాట్లాడదాం అన్నాడు ప్రొఫెసర్.

ఆ ఏడాది కథలు రాసిన విద్యార్థి అతనొక్కడే. 1975లో అతని మొదటి కథల సంపుటి వచ్చింది, 1998లో బుకర్ బహుమతి. అదే కోర్సులో చదివిన కజువో ఇషిగురోకు 1989లో, ఆన్ ఎన్‌రైట్‌కు 2007లో బుకర్ వచ్చాయి. ఇషిగురోకు 2017లో నోబెల్ కూడా వచ్చింది. ఇప్పుడు బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లిషు సాహిత్యంతో కలిపి రచనను డిగ్రీ స్థాయి నుంచే చెబుతున్నారు.

రాయడం ఒకరు నేర్పితే వస్తుందా? ఈ కోర్సు పేరెత్తగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. బ్రాడ్‌బరీని, ఆయనతో కలిసి దీన్ని మొదలుపెట్టిన నవలాకారుడు ఆంగస్ విల్సన్‌ను కూడా ఇదే అడిగేవారు. సంగీతానికీ చిత్రకళకూ కాలేజీలుంటే ఎవరూ నొసలు చిట్లించరు గానీ, కథ దగ్గరికొచ్చేసరికి మాత్రం అది పుట్టుకతో రావాలంటారు. ఆ మాటకొస్తే, కథ రాయడం సరే, కథలు చదవడం కూడా చదువేనా అని పెద్దలు ఎగతాళి చేసిన రోజులున్నాయి.

ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిషు సాహిత్యం విడి శాఖగా నిలబడటానికి 1894 దాకా పట్టింది. గ్రీకు, లాటిన్ చదివితే చదువు. సొంత భాషలో కవిత్వం చదవడానికి డిగ్రీ ఎందుకు? షెల్లీ గురించి కబుర్లు చెప్పుకోవడమే కదా అని చరిత్ర ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫ్రీమన్ వెటకరించాడు. అలాంటివాళ్ల నోరు మూయించడానికి సిలబస్‌ను పాత ఇంగ్లిషు వ్యాకరణంతో, భాషాచరిత్రతో బరువెక్కించారు. కష్టంగా ఉంటేనే గౌరవమన్న నమ్మకం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

తమాషా ఏమిటంటే, తమ దేశంలో ఇంత గింజుకున్న ఇంగ్లిషువాళ్లు అదే పాఠాన్ని అప్పటికే మన దేశంలో చెప్పించేస్తున్నారు. మెకాలే నివేదిక 1835 నాటిది. ఇంగ్లిషు సాహిత్యం పాఠ్యాంశంగా ఇంగ్లండ్ కన్నా ముందు భారతదేశంలోనే కుదురుకుందని గౌరీ విశ్వనాథన్ 1989లో అచ్చయిన తన పరిశోధన గ్రంథంలో చూపించారు. ఇక్కడ మత ప్రచారం చేయకుండానే తమ నీతినీ పెద్దరికాన్నీ ఎక్కించే సాధనంగా అది పనికొచ్చిందని ఆమె వాదన. మన తాతల కాలం బి.ఏ.ల్లో షేక్‌స్పియర్, మిల్టన్ అంత గట్టిగా తిష్ఠ వేయడం వెనక ఈ కథ ఉంది.

ఇప్పటి ఇంగ్లిషు క్లాసుకు రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు కేంబ్రిడ్జ్ అధ్యాపకుడు ఐ.ఎ. రిచర్డ్స్. ఆయన 1920లలో ఒక పని చేశాడు. కవి పేరు, కాలం తీసేసిన కవితలు విద్యార్థులకు పంచిపెట్టి, వారం రోజులు చదివి తోచింది రాసుకు రమ్మన్నాడు. అలాంటివి పదమూడు కవితలు, వాటి మీద వచ్చిన అభిప్రాయాలు కలిపి 1929లో పుస్తకంగా వేశాడు. పేరు కనబడితే లేచి నమస్కారం పెట్టే కవులు డన్, హాప్కిన్స్. పేరు తీసేసరికి వాళ్లే చాలామంది చేత చీవాట్లు తిన్నారు. మామూలు పద్యాలకు మెప్పు దక్కింది. చదువుకున్న పిల్లలు కూడా కళ్ల ముందున్న కాగితాన్ని కాక, తమ జ్ఞాపకాలనూ ఊహలనూ చదువుతున్నారని తేలింది. ఈ మాట మీదే ఎదురుగా ఏముందో అది చూడు అనే బోధన పద్ధతి లేచింది.

రచన క్లాసు ఈ పద్ధతికి సొంత బిడ్డ. తేడా ఒక్కటే: ఇక్కడ బల్ల మీదున్న కాగితం రాసిన మనిషి అదే గదిలో కూర్చుని ఉంటాడు.

దీన్ని ముందు గట్టిగా నడిపినవాళ్లు అమెరికన్లు. అయోవా విశ్వవిద్యాలయంలో రైటర్స్ వర్క్‌షాప్ 1936లో మొదలైంది. దాన్ని పెద్దది చేసిన పాల్ ఎంగిల్ దగ్గరికి 1945 ప్రాంతంలో జార్జియా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె యాస ఎంగిల్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. చెప్పదలచుకున్నది కాగితం మీద రాయమన్నాడు. జర్నలిజం తనకు పడదని, ఈ వర్క్‌షాప్‌లో చేరవచ్చా అని రాసిందామె. ఆమె పేరు ఫ్లానరీ ఓకానర్. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ కథ గురించి మాట్లాడేవాళ్లెవరూ ఆ పేరు దాటి పోలేరు.

వర్క్‌షాప్ పైకి చాలా మామూలుగా ఉంటుంది. బల్ల చుట్టూ పది పన్నెండు మంది, ఒక అధ్యాపకుడు. ఈ వారం వంతు ఎవరిదైతే వాళ్లు కథను ముందే అందరికీ పంపిస్తారు. మిగతావాళ్లు గీతలు గీసి, మార్జిన్లలో రాసుకుని వస్తారు. చర్చ మొదలయ్యాక రాసినవాళ్లు నోరు విప్పకూడదు, అది పాత నియమం. పుస్తకం అచ్చయి ఎవరి చేతికో వెళ్లాక రచయిత వెంట వెళ్లి, నా ఉద్దేశం అది కాదండీ అని చెప్పలేడు కదా.

మనవైపు కథే ఒకటి అనుకుందాం. తండ్రి పోయాడని తెలిసి కొడుకు బస్సెక్కుతాడు. మొదటి పేజీ అంతా దుఃఖమే: గుండె బరువెక్కింది, కళ్లు చెమర్చాయి, లోకం శూన్యమైంది. రెండో పేజీలో, చిల్లర లేదని కండక్టరు టికెట్ వెనక రాసిచ్చిన పది రూపాయలను అతను దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని మరీ అడిగి తీసుకుంటాడు. రచయిత ఆ ముక్క ఏదో ప్రయాణం రాస్తున్నాం కదా అని రాసేశాడు. క్లాసులో సగం మంది అక్కడే ఆగిపోయారు. తండ్రి శవం ఇంట్లో ఉంటే పది రూపాయల మీద ధ్యాసేమిటి, మనిషి పిసినారి అంటారొకరు. కాదు, ఆ రోజు అతను అడిగి వెనక్కి తెచ్చుకోగలిగింది అదొక్కటే అంటారు ఇంకొకరు. రాసినవాడు ఈ రెండూ అనుకోలేదు. మొదటి పేజీ గురించి మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఆ మౌనమే అసలు విమర్శ. మళ్లీ రాసేటప్పుడు మొదటి పేజీ పోతుంది, కండక్టరు ముందుకొస్తాడు.

ఈ క్లాసులు ఇచ్చేది ఇదే: తన రాతను పరాయివాడి కళ్లతో చూడటం. అందుకే ఈ డిగ్రీల్లో సొంత రచన కన్నా చదవాల్సిన పుస్తకాల పాలే ఎక్కువ. పరీక్ష హాలు బదులు కథలో కవితలో కొన్ని, వాటితోపాటు ఏం చదివి ఏం మార్చారో చెప్పే వ్యాసం సమర్పించాలి. రాసేద్దామని వచ్చి, మూడేళ్లూ చదవడమేనా అని నీరసపడే పిల్లలూ లేకపోలేదు.

ఇషిగురో అనుభవం ఇంకో సంగతి చెబుతుంది. 1979లో నారిచ్‌కు పది మైళ్ల దూరంలో బక్స్‌టన్ అనే ఊళ్లో చిన్న గది అద్దెకు తీసుకున్నాడు. బస్సు రోజుకు మూడుసార్లే. క్లాసుకు వెళ్లాల్సింది వారానికి మహా అయితే రెండు రోజులు. చేతినిండా ఖాళీ. అంతవరకూ బ్రిటన్ కథలే రాస్తున్నవాడు, వచ్చిన కొన్ని వారాలకే ఒక రాత్రి తాను పుట్టిన నాగసాకి గురించి రాయడం మొదలుపెట్టాడని నోబెల్ ప్రసంగంలో చెప్పాడు. అదే 1982లో తొలి నవలగా వచ్చింది. ముంబయిలో పుట్టి అదే కోర్సు చదివిన అంజలి జోసెఫ్ కూడా 2010లో వచ్చిన తొలి నవలలో నారిచ్‌ను పట్టించుకోలేదు. ముంబయి జీపీఓ దగ్గర కూర్చుని జనానికి ఉత్తరాలు రాసిపెట్టే మనిషిని నాయకుణ్ణి చేసింది. పాఠం చెప్పినా చెప్పకపోయినా, ఒక ఏడాది తీరిక, పక్కన నలుగురు చదివేవాళ్లు, దాటడానికి వీల్లేని గడువు - వీటి విలువ తక్కువేం కాదు.

ఈస్ట్ ఆంగ్లియాలోనే చాలాకాలం పనిచేసిన డబ్ల్యూ.జి. సేబాల్డ్ ఇంగ్లండ్‌లో ఉంటూ జర్మన్‌లో రాసేవాడు, పిల్లలకు ఇంగ్లిషులో రచన చెప్పేవాడు. సాహిత్యంతో సంబంధం లేని పుస్తకాలు చదవండని పోరేవాడట. 2001 డిసెంబరులో కారు ప్రమాదంలో పోయాడు. చివరిగా చెప్పిన క్లాసుల్లో ఆయనన్న మాటలను ఇద్దరు విద్యార్థులు పోగుచేసి పెట్టారు.

మెచ్చుకునేవాళ్లే కాదు, తిట్టిపోసేవాళ్లూ ఉన్నారు. నవలాకారుడు హనీఫ్ కురేషీ 2014లో బాత్ నగరంలో సాహిత్య సభకు వెళ్లి, ఈ కోర్సులు శుద్ధ దండగ అనేశాడు. అప్పటికి ఆయన కింగ్‌స్టన్‌లో ఇదే సబ్జెక్టుకు ప్రొఫెసర్! అదే ఏడాది అమెరికన్ రచయిత జూనో డియాజ్ ఇంకా పదునైన మాట అన్నాడు: అమెరికన్ వర్క్‌షాపుల్లో తెల్లవాళ్లదే హవా, జాతి గురించి మాట్లాడటానికి చోటే లేదని. గదిలో ఒక్కడే పరాయివాడైనప్పుడు, నోరు మూసుకుని వినాలన్న నియమం శిక్షణ కాదు, శిక్ష అవుతుంది. మాథ్యూ సలెసెస్ 2021లో ఒక పుస్తకమే రాసి ఆ పద్ధతిని తిరగరాయమన్నాడు. ఈ విమర్శలో బలముంది. ఇప్పుడు చాలాచోట్ల రాసినవాళ్లే ముందు ప్రశ్నలు వేస్తారు, తర్వాతే చర్చ.

తెలుగులో రాయడం నేర్పే పని క్లాసులు కాదు, పత్రికలూ స్నేహితులూ చేశారు. గురజాడ విద్యార్థిగా ఉండగా ఇంగ్లిషులో రాసిన 'సారంగధర' 1883లో అచ్చయింది. దాన్ని కలకత్తాలో తన పత్రికలో తిరిగి వేసిన శంభుచంద్ర ముఖర్జీ, మాతృభాషలో రాయమని సలహా ఇచ్చాడు. విజయనగరం మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పిన గురజాడ 'కన్యాశుల్కం' 1897లో ప్రచురించి ఊరుకోలేదు. 1909 నాటి రెండో కూర్పుకు నాటకాన్ని దాదాపు కొత్తగా రాశారు. మనం ఇవాళ చదివేది ఆ రెండోదే.

ఇక డబ్బు సంగతి. ఇంగ్లండ్‌లో స్థానిక విద్యార్థుల ఫీజు పరిమితి 2012లో ఏడాదికి 9,000 పౌండ్లకు పెరిగింది. విదేశీ విద్యార్థులకు అంతకన్నా బాగా ఎక్కువ. ఎదురుగా ఇంకో అంకె పెట్టి చూడాలి. రాయడమే ప్రధాన వృత్తిగా ఉన్న బ్రిటిష్ రచయితల్లో సగం మందికి రచన మీద వచ్చేది ఏడాదికి 7,000 పౌండ్లలోపేనని 2022లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. 2006లో అది 12,330. కాబట్టి పట్టా పుచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది బడిలోనో, ప్రచురణ సంస్థలోనో, పత్రికలోనో, ప్రకటనల కంపెనీలోనో ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున రాసుకుంటారు. పిల్లలు సాహిత్యం నుంచి తప్పుకుంటున్న కొద్దీ శాఖలూ వణుకుతున్నాయి. షెఫీల్డ్ హాలం విశ్వవిద్యాలయం 2022లో ఇంగ్లిషు సాహిత్యం డిగ్రీని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2023లో లోటు బడ్జెట్‌లో పడ్డ ఈస్ట్ ఆంగ్లియా ఉద్యోగాల కోతకు దిగినప్పుడు, అంత పేరు తెచ్చిపెట్టిన కళలు, సాహిత్య విభాగాల మీదే పెద్ద వేటు పడింది.

మనవాళ్లు బ్రిటన్ వెళ్లేది ఎక్కువగా కంప్యూటర్లకో బిజినెస్‌కో. సాహిత్యం మీద మనసున్నవాళ్లకు హైదరాబాద్‌లోనే ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది. 1958లో చిన్న శిక్షణ సంస్థగా పుట్టి 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. దూరవిద్యలో రాయడం నేర్చుకోవాలంటే ఇగ్నో ఇంగ్లిషు రచనలో డిప్లొమా పెట్టింది. నారిచ్ లాంటి చోట పీజీలో చేరాలనుకునేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ డిగ్రీ మార్కులు గుమ్మం దాకా తీసుకెళ్తాయి, అంతే. దరఖాస్తుతో జతచేసే నమూనా రచననే ముందు చదువుతారు, ఇంటర్వ్యూలో ఎక్కువసేపు దాని గురించే అడుగుతారు. ఏ వాక్యం ఎందుకు అలా రాశారో చెప్పలేకపోతే, ఆ కథను పక్కవాళ్లు దిద్దిపెట్టారని పట్టుకోవడానికి వాళ్లకు అట్టే సేపు పట్టదు.