‘సర్వర్ డౌన్’ వెనుక ఒక చిన్న అంకె: కనెక్షన్ పూల్ కథ

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో 2012లో రేషన్ పంపిణీ తీరు మారింది. అప్పటిదాకా కార్డు ఏ షాపు పేరిట ఉంటే అక్కడికే వెళ్లాలి. ఆ షాపు మూసి ఉన్నా, తూకంలో తేడా వచ్చినా వేరే దారి లేదు. ‘కోర్ పీడీఎస్’ వచ్చాక నగరంలో నచ్చిన షాపులో సరుకులు తీసుకునే వీలు కలిగింది. హిందీలో దీన్ని ‘మేరీ మర్జీ’, అంటే ‘నా ఇష్టం’ అన్నారు. ఇలాంటి సౌకర్యమే 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య రాష్ట్ర సరిహద్దు దాటి మొదలైంది. 2022 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ కూడా దేశవ్యాప్త ‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ పథకంలో చేరింది.

కార్డుదారుకు దక్కిన ఈ స్వేచ్ఛకు ఒక సాంకేతిక షరతు ఉంది. ఒకే షాపుకు కట్టుబడి ఉన్నప్పుడు ఎవరు ఎంత తీసుకున్నారో ఆ షాపు రిజిస్టరులో రాసుకుంటే సరిపోయేది. ఎక్కడైనా తీసుకోవచ్చన్నప్పుడు ఆ లెక్క ఒక్కచోటే ఉండాలి. ప్రతి షాపులోని యంత్రం ప్రతిసారీ ఆ కేంద్ర డేటాబేస్‌ను అడిగి తీరాలి. జవాబు రాకపోతే ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అన్న మాట వినిపిస్తుంది. రోజు కూలీకి వెళ్లే మనిషికి ఆ మాట ఖరీదు ఒక పూట సంపాదన.

తప్పు ఎప్పుడూ మొబైల్ సిగ్నల్‌దే కాదు. సిగ్నల్ బాగుండి, డేటాబేస్ కంప్యూటరూ బాగుండి, రెంటి నడుమ దారి మూసుకుపోవచ్చు.

ఆ దారి ఎలా ఉంటుందో చూద్దాం. షాపులోని యంత్రం నేరుగా డేటాబేస్‌తో మాట్లాడదు. మధ్యలో అప్లికేషన్ సర్వర్ ఉంటుంది. నియమాలన్నీ అక్కడే నడుస్తాయి. అది డేటాబేస్‌కు ఒక కొత్త కనెక్షన్ తెరవాలంటే ముందుగా నెట్‌వర్క్‌లో మూడు సందేశాలు అటూ ఇటూ తిరగాలి. తర్వాత గుప్తలిపికి తాళాలు మార్చుకోవాలి. ఆపై పేరు, పాస్‌వర్డ్ సరిచూడాలి. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ అయితే ఒక్కో కనెక్షన్‌కు ప్రత్యేకంగా ఒక ప్రాసెస్‌నే పుట్టిస్తుంది. రెండు మిల్లీసెకన్లలో తేలే ప్రశ్నకు ఇంత తతంగం!

అందుకే సర్వర్ కొన్ని కనెక్షన్లను ముందే తెరిచి ఉంచుకుంటుంది. దీన్నే ‘కనెక్షన్ పూల్’ అంటారు. ఒకప్పుడు ఊళ్లలో గంటకింత అని అద్దెకిచ్చే సైకిళ్ల షాపులుండేవి. పది సైకిళ్లుంటే చాలు, ఊరందరి పనీ జరిగేది. తీసుకెళ్లడం, పని చూసుకోవడం, తెచ్చి అప్పగించడం. పూల్ పనీ అంతే. జావా సర్వర్లలో ఈ షాపుకు ‘డేటా సోర్స్’ అని పేరు. డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్, ఎన్ని కనెక్షన్లు అన్న వివరాలను నిర్వాహకుడు సర్వర్ సెట్టింగుల్లో నింపుతాడు. ప్రోగ్రాం రాసేవారు ఆ డేటా సోర్స్‌ను పేరుతో పిలిస్తే చాలు, పాస్‌వర్డ్ వారి కోడ్‌లోకి రానక్కర్లేదు.

మరి ఎన్ని సైకిళ్లు ఉండాలి? అసలు చిక్కు ఇక్కడే. ఎవరూ ముట్టుకోకపోతే వైల్డ్‌ఫ్లై సర్వర్ 20 కనెక్షన్లతో, హికారీ అనే ప్రసిద్ధ పూల్ 10తో నడుస్తాయి. ఈ అంకెలు చూడగానే ‘ఇంత తక్కువా, వంద పెట్టేద్దాం’ అనిపిస్తుంది. లెక్క వేరేలా చెబుతుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, ఒకేసారి వాడుకలో ఉండే కనెక్షన్ల సగటు సంఖ్య = సెకనుకు వచ్చే అభ్యర్థనలు × ఒక్కోటి కనెక్షన్‌ను పట్టుకునే సమయం. సెకనుకు 200 అభ్యర్థనలు వచ్చి, ఒక్కోటి 0.02 సెకను తీసుకుందనుకుందాం. కావాల్సినవి సగటున నాలుగే! హెచ్చుతగ్గులకు మరికొన్ని కలిపినా పది సరిపోతాయి.

అదే ఏదో పట్టికకు ఇండెక్స్ వేయడం మరిచి ప్రతి ప్రశ్నా అర సెకను పట్టిందనుకోండి, అవసరం ఒక్కసారిగా వందకు ఎగబాకుతుంది. అప్పుడు పూల్ పెంచడం సాధారణంగా ఎదురుతంతుతుంది. డేటాబేస్ కంప్యూటర్‌లో ఎనిమిది కోర్లుంటే ఒక క్షణంలో ఎనిమిది పనులే సాగుతాయి. మిగతావి కోర్ల కోసం, డిస్క్ కోసం, తాళం పడిన వరుసల కోసం ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కోర్ల సంఖ్యను రెట్టించి, డిస్కుల సంఖ్య కలపమనేది పోస్ట్‌గ్రెస్ వాడకందారుల్లో ప్రచారంలో ఉన్న తొలి అంచనా. పైగా పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా 100 కనెక్షన్లే అనుమతిస్తుంది. నాలుగు సర్వర్లలో తలా 50 రాస్తే, రద్దీ రోజున సగం మందిని గుమ్మంలోనే తిప్పి పంపుతుంది.

తిరిగిరాని సైకిలు ఇంకో సమస్య. ప్రోగ్రాం మధ్యలో ఏదో పొరపాటు తలెత్తి, కనెక్షన్‌ను అప్పగించే వాక్యం దాకా రాకపోతే ఆ కనెక్షన్ పోయినట్టే. రోజుకొకటి చొప్పున పోతే పది రోజులకు షాపు ఖాళీ. సర్వర్ రీస్టార్ట్ చేస్తే అంతా బాగైనట్టు కనిపిస్తుంది. అందుకే జబ్బు బయటపడదు. జావాలో 2011 నుంచి, పని ముగిశాక దానంతటదే అప్పగించే ఏర్పాటు ఉంది. వాడుకోవాలంతే.

గాలి పోయిన సైకిలు మరో రకం. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 28,800 సెకన్లు, అంటే 8 గంటలు ఊరికే ఉన్న కనెక్షన్‌ను తెంచేస్తుంది. రాత్రంతా షాపులు మూసి ఉంటాయి. పొద్దున్నే వచ్చిన మొదటి కార్డుదారుకు ఆ చచ్చిన కనెక్షన్ దొరుకుతుంది. షాపువాడు టైరు నొక్కి చూసి ఇచ్చినట్టే, పూల్ కూడా ఇచ్చేముందు చిన్న ప్రశ్నతో పరీక్షించాలి. లేదా డేటాబేస్ తెంచకముందే తానే పాతవాటిని మార్చాలి. హికారీ అరగంటకోసారి మార్చేది అందుకే.

నన్నడిగితే అన్నిటికన్నా సున్నితమైనది నిరీక్షణ గడువు. ఖాళీ కనెక్షన్ కోసం హికారీ 30 సెకన్లు ఆగుతుంది. షాపు యంత్రం 20 సెకన్లకే విసుగుచెంది ‘విఫలం’ అని చూపితే? డీలరు మళ్లీ నొక్కుతాడు. లోపల పాత అభ్యర్థన ఇంకా వరుసలోనే ఉంది. 25వ సెకనులో దానికి కనెక్షన్ దొరికితే, బియ్యం ఇచ్చినట్టు డేటాబేస్‌లో నమోదవుతుంది. రెండోసారి నొక్కినప్పుడు ‘ఈ నెల కోటా అయిపోయింది’ అని వస్తుంది. సంచి మాత్రం ఖాళీ. దీనికి విరుగుడుగా గడువులు లోపలి నుంచి బయటికి పెరుగుతూ ఉండాలి. కనెక్షన్ కోసం ఆగే సమయం, డేటాబేస్ ప్రశ్నకిచ్చే సమయం రెండూ కలిపినా యంత్రం ఓపిక కన్నా తక్కువే కావాలి. ప్రతి లావాదేవీకి షాపు యంత్రమే ఒక సంఖ్య ఇచ్చి, మళ్లీ నొక్కినప్పుడూ అదే పంపితే, సర్వర్ దాన్ని కొత్త కొనుగోలుగా లెక్కించదు.

నిర్వాహకుడి తెరపై పూల్ గురించి మూడు అంకెలు కనిపిస్తాయి: పనిలో ఉన్నవి, ఖాళీగా ఉన్నవి, కనెక్షన్ కోసం వేచి ఉన్నవి. కార్డుదారులు బారులు తీరే రోజున మూడోది సున్నా దగ్గరే ఉండాలి. అది పెరుగుతుంటే ముందు వెతకాల్సింది నెమ్మదించిన ప్రశ్న ఏదో, తిరిగిరాని కనెక్షన్ ఎక్కడిదో. పూల్ సైజు జోలికి వెళ్లేది ఆ తర్వాతే.