పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ వెనుక ఉపాధ్యాయుల కృషి: ‘దీక్ష’ పనిచేసే తీరు

పాఠ్యపుస్తకం పేజీలో కనిపించే చిన్న క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే, ఆ అధ్యాయానికి చెందిన వీడియోలు, అభ్యాస ప్రశ్నలు తెరపైకి వస్తాయి. వాటిని అందించేది జాతీయ డిజిటల్ వేదిక ‘దీక్ష’. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు దీనిని ప్రారంభించారు.

రాష్ట్రాలు తమ పాఠ్యప్రణాళికకు, భాషకు తగిన పాఠాలను ఇందులో ఉంచుతాయి. 2020 ఏప్రిల్‌లో మొదలైన ‘విద్యాదాన్ 2.0’ కార్యక్రమంతో ఉపాధ్యాయులు, విషయ నిపుణులు, సంస్థలు కూడా పాఠాలను సమర్పించే వీలు కలిగింది. నిపుణుల పరిశీలనలో నిలిచినవే విద్యార్థులకు చేరుతాయి. భిన్నాలను సులువుగా బోధించే పద్ధతిని ఒక ఉపాధ్యాయుడు రూపొందిస్తే, అది ఆయన తరగతి గదికే పరిమితం కానక్కరలేదు.

అయితే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తండ్రితో పాటు పనికి వెళ్లిపోతే, పిల్లలకు ఆ కోడ్ నల్లని గళ్ల బొమ్మగానే మిగులుతుంది. నెట్‌వర్క్ లేని చోట చూసేందుకు పాఠాలను ముందుగా డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం యాప్‌లో ఉంది. ఉపాధ్యాయులు ఒక ఫోన్‌లో వాటిని భద్రపరచి, తరగతి మొత్తానికి చూపించవచ్చు. ఆ చొరవ ఉన్నచోటే ఒకరి జ్ఞానం పదిమందికీ అందుతుంది.