సీసాలో దిగివచ్చిన కొండ

మా మనవరాలు కిందటి వేసవిలో ఇటలీ వెళ్ళి మొంటాల్చీనో అనే ఊరు చూసి వచ్చింది. కొండ నెత్తిన కోట, కోటని ఆనుకుని ఊరు, ఊరి కింద వాలంతా ద్రాక్షతోటలు. ఫోనులో ఫొటోలు చూపిస్తూ, "తాతయ్యా, మన కోనసీమలో ఇంత మంచి మట్టి, ఇన్ని నీళ్ళు. ఒక్క ద్రాక్షతోటైనా లేదేం?" అని అడిగింది.

నీళ్ళుండబట్టే లేదు అమ్మలూ, అన్నాను. అమలాపురం చుట్టుపక్కల కాస్త లోతుగా పార దించితే చాలు, ఊట తగులుతుంది. కొబ్బరికి అది పండగ. ద్రాక్షకి మాత్రం వేరు నానితే ఊపిరాడదు. పైగా మన గాలిలో ఎప్పుడూ చెమ్మే కాబట్టి ఆకుకి బూజు తెగులు ఊరికే పడుతుంది. కొండవాలు మీద అయితే పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది. నీటికి కాస్త మొహం వాచిన తీగ ఆకులు పెంచే పని తగ్గించి పండుకి తీపి పోస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రాత్రివేళ చల్లబడ్డ గాలి బరువెక్కి, నీళ్ళలాగే పల్లానికి పారుతుంది. మంచు కాటు లోయలో చిగుళ్ళని మాడ్చినా వాలు మీద తీగని చాలాసార్లు వదిలేస్తుంది. మన వాళ్ళలో హైదరాబాదు చుట్టూ పొడి నేలల్లో అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండించి పేరు తెచ్చుకున్నవాళ్ళున్నారు. గోదావరి లంకల్లో అది కుదిరే పని కాదు.

"అయితే మనకి వైను కొండ లేదన్నమాట."

"ఎందుకు లేదూ? రేపు తెల్లవారకుండానే బయల్దేరదాం."

మాఘమాసం. రావులపాలెం దగ్గర గౌతమి దాటి, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఘాటు ఎక్కేశాం. అక్కడి కొండరెడ్ల పల్లెల్లో జీలుగు చెట్టు ఉంది. తాడికీ కొబ్బరికీ చుట్టమే. ఆకు మాత్రం చేపతోకని కత్తిరించి అంటించినట్టుంటుంది. ఈ చెట్టు బతుకు చిత్రమైనది. ఏళ్ళ తరబడి పూయకుండా మానులో పిండి దాచుకుంటుంది. ఒకసారి పూయడం మొదలుపెడితే మొదటి గెల నెత్తిన వేస్తుంది, తర్వాతది దాని కింద, ఆ తర్వాతది ఇంకా కింద. అలా కొన్నేళ్ళపాటు గెల గెలకీ మెట్టు దిగుతూ వచ్చి, ఆఖరి గెలతో తానూ చనిపోతుంది. దాచుకున్న పిండంతా కరిగి తీపి నీరై ఆ గెలల్లోకి నడుస్తుంది. పూతకి ముందే చెట్టు కొడితే మానులోంచి జీలుగు పిండి వస్తుంది, అంబలి కాచుకోవచ్చు. పూతదాకా ఆగితే కల్లు. 1945లో వచ్చిన 'ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్' అనే పుస్తకంలో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ కొండరెడ్ల బతుకంతా రాసిపెట్టాడు. అందులో జీలుగు లేకుండా ఎలా ఉంటుంది!

పెద్దాయన ఒకరు వెదురు గడ పట్టుకుని పైకి వెళ్ళారు. కణుపుల దగ్గర వదిలిన కొమ్మ మొదళ్ళే మెట్లు. గెల కొసన పల్చటి పొర చెక్కి, కుండ దించుకొచ్చారు. "రోజూ ఎందుకు చెక్కుతారు తాతయ్యా?" అంది. నీ మోకాలు గీసుకుంటే పక్కు కడుతుంది కదా, చెట్టు కూడా అంతే. లోపలి సన్నటి గొట్టాల్లో తీపి నీరు ఒత్తిడి మీద ఉంటుంది. కోస్తే కారుతుంది. కారిపోతుంటే చెట్టు ఊరుకోదు, గొట్టాల మూతులు మూసేస్తుంది. అందుకే పూటపూటా కొత్త గాయం. కల్లు గీత అన్న మాటలోనే ఆ పనంతా ఉంది.

అప్పుడే దించిన దాన్ని దొన్నెలో చూస్తే ఇంచుమించు తేటగా ఉంది. లీటరుకి వంద గ్రాములకి పైగా చక్కెర ఉండే నీరది. మా పిల్ల ఓ సీసా నింపి ఇంటికి తెస్తానంది. సరే గాని మూత బిగించకు, అన్నాను.

రంపచోడవరం దిగేసరికి బుడగలు. పందిరిమామిడిలో తాటి మీద పని చేసే ఉద్యాన పరిశోధన కేంద్రం ఉందని చూపించబోతే దాని కళ్ళు సీసా మీదే ఉన్నాయి. తేటనీరు పాలలా మారుతోంది. ఆ తెలుపు రంగు కాదు తల్లీ, ప్రాణాలు. ఈస్టు కణాలూ బాక్టీరియాలూ కోట్లకి కోట్లు పెరిగి, నీళ్ళలో తేలుతూ వెలుతురుని అడ్డుకుంటున్నాయి. ఎక్కడివంటావా? నిన్నటి కుండ గోడల్లో మిగిలినవి కొన్ని, తీపికి మూగిన ఈగలూ చీమలూ కాళ్ళకి అంటించుకొచ్చినవి కొన్ని.

లెక్క చెప్పనా? 1815లో గే-లుసాక్ అనే రసాయన శాస్త్రవేత్త కట్టిన లెక్క. 180 గ్రాముల గ్లూకోజుని ఈస్టు విరిస్తే 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడు. మన ఎండకి ఆ 88 గ్రాముల వాయువుకి దగ్గర దగ్గర 50 లీటర్ల చోటు కావాలి. మూత బిగించి ఉంటే సీసా గోకవరం దాటేది కాదు.

రాజమండ్రిలో గోదావరి ఒడ్డున కారు ఆపి పిల్లకి నాకెంతో ఇష్టమైన సంగతి చెప్పాను. ఈస్టు మన మత్తు కోసం ఈ పాట్లు పడదు. గ్లూకోజు విరిచి అది సంపాదించుకునేది రెండే రెండు ఏటీపీ అణువులు. ప్రతి జీవకణానికీ చేతిఖర్చు డబ్బు ఆ ఏటీపీ. దాన్ని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కేతో కలిసి మన ఎల్లాప్రగడ సుబ్బారావు, ఎవరికి వారు కనిపెట్టారు. సుబ్బారావు పుట్టింది ఎక్కడో కాదు, ఈ నదికి ఆవల భీమవరంలో. ప్రాణవాయువు వాడుకుంటే అదే గ్లూకోజు నుంచి ముప్ఫై దాకా ఏటీపీలు వస్తాయి. రెండింటితో సరిపెట్టుకోవాలంటే తీపిని గబగబా మింగేయాలి. సీసాలో ఆ తొందరంతా అదే.

"మరి మొంటాల్చీనోలో వైను ఏళ్ళ తరబడి నిలవ ఉంటుందే?"

అదీ అసలు ప్రశ్న. ద్రాక్ష తన తీపిని తోలు కప్పి దాస్తుంది, కోసేదాకా ఆగుతుంది. పిండాక కూడా ఆ రసం పుల్లగా ఉంటుంది. పులుపుకి చాలా బాక్టీరియాలు బతకవు. తీపి ఎక్కువ కాబట్టి ఆల్కహాలు నూటికి 12, 13 పాళ్ళకి చేరి మిగతా వాటిని అణచేస్తుంది. ఇక చల్లటి నేలమాళిగలో పీపా మూసి ఉంచడమే. మన చెట్టు నీటికి తోలు లేదు, పులుపు లేదు, చల్లదనం లేదు. ఆల్కహాలు నాలుగైదు పాళ్ళు దాటేలోపే గాలి తగిలి, ఇంకో జాతి బాక్టీరియా దాన్ని వెనిగరు చేసేస్తుంది. అందుకే ద్రాక్షకి కొండమీద కోటలూ నేలమాళిగలూ కట్టారు. కల్లుకి చెట్టు కిందే ఊరు, దించిన పూటే విందు. దూరం వెళ్ళలేని దాన్ని దూరంలో అమ్మాలన్న ఆశే, నీళ్ళలో మత్తుమందులు కలిపే పాపానికి దారి తీసింది. గీత కార్మికుడి చేతి పని చూసినవాడికి అది కడుపులో దేవినట్టుంటుంది.

ఆపే ఉపాయం మన వాళ్ళకి ఎప్పుడో తెలుసు. కుండ లోపల సున్నం రాస్తారు. ఆ క్షారానికి ఈస్టు లేవదు. తీపి తీపిగానే దిగుతుంది, కాస్తే తాటిబెల్లం. కాసరగోడ్‌లో కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ సున్నానికి బదులు ఐసు పెట్టె కట్టి కొబ్బరి గెల నుంచి 'కల్పరస' తీసే పద్ధతి నేర్పుతోంది. సూత్రం ఒకటే, ప్రాణుల్ని నిద్రపుచ్చడం. మన కోనసీమలో అంబాజీపేట రైతు ఆలోచించేది మాత్రం వేరు: గెల నీటికిస్తే ఆ గెల కాయ పోయినట్టేగా!

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. సీసా వాసన మారిపోయింది, తీపి ఎక్కడో అడుగంటింది. పిల్ల మొహం చిన్నబోయింది. అడుగున తెల్లగా పేరుకున్న మడ్డిని నేను పారబొయ్యనివ్వలేదు. దిబ్బరొట్టెకి వాళ్ళ అమ్మమ్మ కలుపుతున్న పిండిలో ఒక చెంచా వేయించాను. మినపపిండిని పొంగించే ల్యూకోనాస్టాక్ బాక్టీరియా కల్లులోనూ ఉంటుంది, చుట్టాలు గుర్తుపడతారో లేదో చూద్దామన్నాను.

తెల్లవారుజామున వంటింట్లోంచి కేక. గిన్నె మూత పక్కకి ఒరిగి ఉంది, పిండి అంచు దాటి గట్టు మీదకి కారుతోంది. కొండ మీది పెద్దాయన పేరు అడగడం మర్చిపోయామే తాతయ్యా, అంటూ మా మనవరాలు దాన్ని వేలితో తీసి వాసన చూస్తోంది.