పోస్టాఫీసు కంప్యూటరు "క్లౌడు"లోకి మారింది: మరి మన పాసుబుక్కు?

ఈ మధ్య ఓపీ కౌంటరు దగ్గర, వార్డుల్లో, ఆదివారం ఆరాధన ముగిశాక కూడా కొందరు మమ్మల్ని ఒక మాట అడుగుతున్నారు. "లెక్కలన్నీ క్లౌడుల పెట్టిన్రంట. క్లౌడంటే మబ్బే కద! మరి మా పైసలు ఉన్నయా, పోయినయా?" ఆరోగ్య పత్రికలో కంప్యూటరు సంగతి దేనికని కొందరికి అనిపించవచ్చు. క్షయ వ్యాధికి మందులు వాడుతున్నవారికి పోషకాహారం కోసం ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు ఇస్తున్నది. అది చేతికి రాదు, ఖాతాలోనే పడుతుంది. పల్లెల్లో చాలామంది వృద్ధులకు ఆసరా పింఛను అందేది కూడా పోస్టాఫీసు ద్వారానే. ఆ డబ్బు పదిహేను రోజులు ఆలస్యమైతే ఇంట్లో గుడ్లు, పప్పు ఆగుతాయి, బీపీ మాత్రలు ఆగుతాయి, బస్సు చార్జీ లేక ఆస్పత్రికి రావడం కూడా ఆగుతుంది. కనుక మా దృష్టిలో ఇది ఆరోగ్య విషయమే.

ముందుగా భయం తీర్చే మాట. 2025లో మారినది ఉత్తరాలు, పార్సెళ్లు, కౌంటరు పనులకు సంబంధించిన సాఫ్ట్‌వేరు. పొదుపు ఖాతాల లెక్కలు అంతకు చాలా ముందే, 2013 చివరి నుండి దశలవారీగా, కోర్ బ్యాంకింగ్ అనే వేరే పద్ధతిలోకి వెళ్లాయి. ఆ రోజున ఎవరి పొదుపు సొమ్మూ చోటు మారలేదు.

ఇక జరిగిన మార్పు ఏమిటో చూద్దాం. పాత రోజుల్లో ఊట్నూరు వంటి చోట పోస్టాఫీసు లెక్క అంటే పెద్ద లావు పుస్తకాలు, నీలి సిరా, ముద్ర. తరువాత కంప్యూటర్లు వచ్చాయి. కౌంటరు పనికి "మేఘదూత్", పొదుపు ఖాతాలకు "సంచయ్ పోస్ట్" అనే ప్రోగ్రాములు ఉండేవి. పేరుకు మేఘదూతే గాని, అది ఉన్నది మబ్బుల్లో కాదు, ఆ ఆఫీసులోనే ఒక మూల బల్ల మీద ఉన్న కంప్యూటరులో! ఒక ఆఫీసు లెక్క పక్క ఆఫీసుకు కనిపించేది కాదు. 2012లో 4,909 కోట్ల రూపాయలతో పెద్ద ఆధునికీకరణ పథకం మొదలైంది. బయటి కంపెనీల సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, ఆఫీసులన్నీ ఒక తీగకు కలిశాయి. 2017 డిసెంబరులో మొదలైన "దర్పణ్" పథకంతో గ్రామ పోస్టుమాస్టర్ల చేతికి కూడా చిన్న యంత్రాలు అందాయి.

పదేళ్లు దాటేసరికి ఆ పద్ధతి కూడా పాతబడింది. మార్పు కావాలంటే ప్రతిసారీ బయటి కంపెనీ వైపు చూడవలసి వచ్చేది. అందుకని తపాలా శాఖకు మైసూరులో ఉన్న సాంకేతిక కేంద్రం కొత్త సాఫ్ట్‌వేరును సొంతంగా రాసింది. దీని పేరు ఏపీటీ, అంటే అడ్వాన్స్‌డ్ పోస్టల్ టెక్నాలజీ. ఖర్చు 5,800 కోట్ల రూపాయలు. 2025 మే, జూన్ నెలల్లో కర్ణాటకలో పరీక్షించి చూశారు. తరువాత ఒక్కో సర్కిల్‌లో ముందుగా ప్రకటించి, ఒక రోజు లావాదేవీలు ఆపి, కొత్తదానికి మార్చుకుంటూ వచ్చారు. 2025 ఆగస్టు 4 నాటికి దేశంలోని లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులు దానిలోకి వచ్చేశాయి. 4 లక్షల 60 వేల మంది సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. ఒకే రోజున 32 లక్షల బుకింగులు, 37 లక్షల బట్వాడాలు జరిగాయని శాఖ ప్రకటించింది. మొదటి రోజుల్లో అనేక చోట్ల యంత్రాలు నెమ్మదించి జనం బారులు తీరారని పత్రికల్లోనూ వచ్చింది. ఇంత పెద్ద మార్పులో అది ఆశ్చర్యం కాదు గాని, బారులో నిలబడ్డ ముసలమ్మకు అది ఓదార్పు కూడా కాదు.

మరి క్లౌడు అంటే? ఆకాశంలో ఏమీ లేదు. మన ఇళ్లలో ఎవరి గరిసెలో వారు వడ్లు పోసుకునేవారు. గరిసెకు చెదపట్టినా, ఇంట్లో నీరు కారినా ఆ ఇంటి గింజలు పోయినట్టే. ఊరందరి గింజలు పెద్ద గోదాములో, కాపలా పెట్టి, ఎవరి సంచి మీద వారి పేరు రాసి భద్రం చేస్తే ఎలా ఉంటుందో క్లౌడు అలాంటిది. ప్రభుత్వ క్లౌడు పేరు "మేఘరాజ్". కొత్త తపాలా సాఫ్ట్‌వేరు ఉన్నది అందులోనే. ఇటువంటి గోదాములను డేటా సెంటర్లు అంటారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎన్ఐసీకి ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లతో పాటు మన హైదరాబాదులో కూడా పెద్ద డేటా సెంటరు ఉన్నది. ఒక యంత్రం చెడిపోయినా లెక్క నిలిచేలా నకళ్లు ఉంచుతారు.

ఇంకొక తేడా ఉన్నది. క్రిస్మస్‌కు మనం కట్టే పాతకాలపు సీరియల్ బల్బులు తెలుసు కదా, ఒకటి మాడితే వరస మొత్తం ఆరిపోతుంది. పాత సాఫ్ట్‌వేర్లు చాలావరకు అటువంటివి. కొత్తదాన్ని చిన్న చిన్న ముక్కలుగా, గదికొక స్విచ్చు ఉన్నట్టు కట్టారు. ఒక ముక్కను బాగు చేస్తున్నప్పుడు మిగిలినవి పనిచేయాలని దాని ఉద్దేశం.

వైద్యంలో ఈ మార్పు లాభం మేము కళ్లారా చూస్తున్నాము. ఒకప్పుడు క్షయ రోగి వివరం చికిత్స కార్డు మీద, ఆ కేంద్రం రిజిస్టరులో ఉండేది. 2012లో "నిక్షయ్" వచ్చాక దేశమంతటికీ ఒకే చోట నమోదు మొదలైంది. ఊట్నూరులో మందులు మొదలుపెట్టి, నడుమ కూలి పనికి నిజామాబాదు పోయినవారు తమ నిక్షయ్ నంబరు చెబితే అక్కడివారు వివరం చూసి మందులు కొనసాగించవచ్చు. మందు మధ్యలో ఆగితే క్షయ మొండిదవుతుంది కాబట్టి ఆ నంబరు విలువ మాకు బాగా తెలుసు.

అయితే పాత సాఫ్ట్‌వేరు నుండి కొత్తదానికి మారడం అంత సులువు కాదు. సెలైను ఎక్కుతుండగానే రోగిని ఒక వార్డు నుండి ఇంకొక వార్డుకు మార్చడం వంటిది అది. కొత్త వార్డు ఎంత బాగున్నా, దారిలో సూది ఊడకూడదు, కేసు షీటు మారిపోకూడదు. కంప్యూటరు మార్పులో కేసు షీటు అంటే మన పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు. మన గూడేల్లో ఆత్రం, మెస్రం, కుమ్ర ఇంటిపేర్లతో అచ్చంగా ఒకే పేరు గలవారు ముగ్గురు నలుగురు ఉండడం మామూలే. అందుకే ఓపీలో మేము తండ్రి పేరు, ఊరు కూడా అడుగుతాము. పాసుబుక్కులో ఒక విధంగా, ఆధారులో మరొక విధంగా పేరు ఉంటే పుస్తకం చూసే గుమాస్తా గుర్తుపట్టి సర్దుకుంటాడు. యంత్రం సర్దుకోదు.

యంత్రాల కన్నా ఎక్కువగా మనం కనిపెట్టవలసినది, పాతదానిలో ఉన్న చిన్న సౌకర్యాలు కొత్తదానిలోకి వచ్చాయా లేదా అని. దీనికి మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉన్నది. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైన మొదటి జిల్లాల్లో మన ఆదిలాబాద్ ఒకటి. ఉమ్మడి రాష్ట్రంలో ఆ లెక్కలకు టీసీఎస్ తయారు చేసిన సాఫ్ట్‌వేరు ఉండేది. 2022లో తెలంగాణ దాన్ని వదిలి కేంద్రంవారి ఎన్ఐసీ సాఫ్ట్‌వేరుకు మారింది. ఆ మార్పుతో వేసవిలో కూలీలకు కలిపి ఇచ్చే అదనపు భత్యం ఆగిపోయిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఎండలో గట్టినేల తవ్వే మనిషికి ఆ నాలుగు రూపాయలు ఎంతో! సాఫ్ట్‌వేరులో గడి లేకపోతే ఇవ్వవలసిన డబ్బుకు కూడా దారి లేకుండా పోతుంది.

ఆ ఉపాధి హామీ రోజుల్లో కూలి డబ్బు కోసం మనవారిలో చాలామంది పోస్టాఫీసులో ఖాతాలు తెరిచారు. ఆ పాసుబుక్కులు ఇప్పుడు ట్రంకు పెట్టెల అడుగున ఉంటాయి. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు జమ గాని తీత గాని లేని ఖాతాను "సైలెంట్ ఖాతా"గా పక్కన పెడతారు. అందులోని డబ్బు పోదు. పాసుబుక్కు, ఆధారు తీసుకెళ్లి దరఖాస్తు ఇస్తే ఖాతాను మళ్లీ నడిపిస్తారు. కాబట్టి చిరిగిందనో, ఎలుక కొరికిందనో పాత పాసుబుక్కును పారవేయవద్దని మా మనవి. కంప్యూటరు లెక్కకు, మీ లెక్కకు తేడా వస్తే మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

క్లౌడుకు ఒక బలహీనత ఉన్నదని కూడా చెప్పాలి. గోదాము ఎంత గట్టిదైనా దారి తెగితే గింజలు ఇంటికి రావు. మన ప్రాంతంలో వానలకు కరెంటు పోవడం, సిగ్నలు పోవడం కొత్త కాదు. "సర్వరు లేదు" అన్నారంటే సాధారణంగా దారి తెగిందని అర్థం, డబ్బు పోయిందని కాదు. దూరపు గూడెం నుండి వచ్చేవారు వీలైతే పొద్దున్నే రండి. మందులు సరిగ్గా అయిపోయే రోజు వరకు ఆగకుండా, నాలుగైదు రోజులు ముందుగా డబ్బు తీసుకొనేలా చూసుకోండి. షుగరు, బీపీ, ఫిట్స్ మందులు వాడేవారు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి.

ఈసారి వెళ్లినప్పుడు పాసుబుక్కులో ఎంట్రీ వేయించుకొని పేరు, ఫోను నంబరు సరిచూసుకోండి. ఫోనుకు వచ్చే ఓటీపీని ఎవరు ఫోను చేసి అడిగినా చెప్పకండి. స్పీడు పోస్టు రసీదు మీద 13 అక్షరాలు, అంకెలు ఉంటాయి, దాన్ని దాచుకోండి. 2025లో రిజిస్టరు పోస్టు కూడా స్పీడు పోస్టులోనే కలిసింది, అందువల్ల పాత పేరుతో అడిగితే కంగారు పడవద్దు. ఏదైనా అందకపోతే తపాలా శాఖ ఉచిత నంబరు 1800 266 6868కు ఫోను చేసి, వారిచ్చే ఫిర్యాదు నంబరును రసీదు వెనకే రాసుకోండి. చదవడం రానివారు రసీదు తీసుకొని మధ్యాహ్నం రద్దీ తగ్గాక మా ఓపీ కౌంటరు దగ్గరకు రండి, నంబరు చదివి ఫోను కలిపి ఇస్తాము.