జనతా వాచి: అసలును నకిలీయు

గోదావరిఖని, రామగుండము పట్టణములలో బొగ్గుగని షిఫ్టులను బట్టియే దినము గడచును. అచ్చటి విశ్రాంత కార్మికుల పెట్టెలలో హెచ్.ఎం.టి. జనతా వాచి కనబడుట వింత గాదు. పాతబడిన యీ వాచీలకు నేడు దేశమంతట మరల గిరాకి హెచ్చినది. గిరాకితోపాటు నకిలీయు బయలుదేరినది.

బెంగుళూరున 1953లో వెలసిన హిందూస్థాన్ మెషిన్ టూల్సు సంస్థ జపానులోని సిటిజను కంపెనీ సహాయముతో 1961లో చేతిగడియారములను చేయ నారంభించెను. విదేశీ వాచికై ఎదురుచూచు అవస్థ తప్పి సామాన్యుని మణికట్టునకు స్వదేశీ గడియారము లభించెను. 2016లో ప్రభుత్వము ఆ వాచీల సంస్థను మూసివేయ నిశ్చయించినది. ఆ నిశ్చయము మాకు నేటికిని రుచింపలేదు.

ఇప్పటి మోసము పెక్కుమార్లు పూర్తి నకిలీ గాదు. పాత యంత్రమును మెరుగుపెట్టిన డబ్బాలో బిగించి, డయలునకు క్రొత్త రంగు పూసి, వాడని సరుకని అమ్ముదురు. యంత్రము నిజము, మాట అబద్ధము. కొనువారు మొదట భూతద్దముతో డయలుమీది అక్షరములను చూడవలెను. కర్మాగారపు ముద్రలో గీతలు సన్నగా, అంచులు తీరుగా నుండును. తిరుగ పూసినదానిలో సిరా ఉబ్బి, అక్షరము అక్షరమునకు ఎడము మారును. నిమిషముల ముల్లు నిమిషపు గీతలను అందుకొనక పొట్టిగా నిలిచినచో అది వేరొక వాచి ముల్లు. చీకటిలో వెలుగు పూత ముల్లులపై పసుపువారి, డయలుపై తెల్లగా నున్నను అనుమానింపవలసినదే. ఒకే వయసు గలవి ఒకే తీరున ముదియును. జనతా కీ యిచ్చెడి వాచి: సెకను ముల్లు సన్నని అడుగులతో సాగవలెను. సెకనున కొక గెంతు గెంతినచో లోపల బ్యాటరీ యంత్రము కలదు. వెనుక మూత తీయించి, యంత్రముపై హెచ్.ఎం.టి. ముద్రయు, 17 రాళ్ల గుర్తును చూడవలెను. మూత తీయుటకు వెనుదీయు వర్తకునివద్ద కొననేవలదు.

అసలు వాచిని చేజేతుల నకిలీ చేసికొనువారును గలరు. మేమెరిగిన యొక కార్మికుని కుమారుడు తండ్రి వాచిని ప్రేమతో దుకాణమున కిచ్చి "క్రొత్తది" చేయించెను. డయలు నిగనిగలాడెను, వెనుక మూతపై తండ్రి మేకుతో గీచుకొన్న పేరు మెరుగులో అరిగిపోయెను. వృద్ధుడు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, చెవియొద్ద నుంచుకొని, "చప్పుడు మాత్రము నాదేరా" యనెను.