ఎండదారిలో సైకిలు – చర్మరక్షణ

సూర్యుణ్ణి ప్రత్యక్షదైవంగా భావించిన సంప్రదాయం భారతీయులది. క్రీ.శ. 7వ శతాబ్దంలో హర్షచక్రవర్తి ఆస్థానంలో ఉన్న మయూరకవి కుష్ఠువ్యాధి నుండి విముక్తిని కోరి సూర్యశతకాన్ని రచించాడని, సూర్యానుగ్రహంతో అతని శరీరం తిరిగి కాంతిమంతమైందని ఐతిహ్యం చెబుతున్నది. ఐతిహ్యం మాట అలా ఉండగా, వెలుగు చర్మవ్యాధులను నయం చేయగలదన్న భావనకు ఆధునిక వైద్యంలో కూడా స్థానం లభించింది. డెన్మార్కు దేశానికి చెందిన నీల్స్ ఫిన్సెన్ అనే వైద్యుడు చర్మక్షయకు కాంతికిరణాలతో చికిత్స చేసి 1903లో నోబెల్ బహుమతిని పొందాడు. ఎముకల పుష్టికి అవసరమైన విటమిన్-డి చర్మంలో తయారుకావడానికి సూర్యరశ్మియే ఆధారం. అయితే అమృతం వంటి ఔషధమైనా మోతాదు మించితే విషమవుతుంది. సూర్యరశ్మి కూడా అంతే.

ఈ మోతాదు మించే ప్రమాదం నిత్యం ఆరుబయట తిరిగేవారికి ఎక్కువ. రైతులు, కూలీలు, వీధి వర్తకులతోపాటు సైకిలుపై ప్రయాణించే విద్యార్థులు, ఉద్యోగులు ఈ కోవలోకి వస్తారు. బస్సుకు పైకప్పు ఉంటుంది. పాదచారి చెట్టునీడను వెతుక్కోగలడు. సైకిలుదారునికి ఆ రెండు సౌకర్యాలూ తక్కువే. పైగా వేగంగా సాగుతున్నప్పుడు ఎదురుగాలి చెమటను ఆర్చి శరీరాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనం వల్ల ఎండ బాధించడం లేదనే భ్రమ కలుగుతుంది. కాని చర్మంపై ఎండ చేయవలసిన పని చేస్తూనే ఉంటుంది.

కనిపించని కిరణాలు

సూర్యకాంతిలో కంటికి కనిపించే ఏడు రంగులతోపాటు కనిపించని కిరణాలు కూడా ఉన్నాయి. ఎరుపు రంగుకు ఆవల ఉండే పరారుణ కిరణాలు వేడిని కలిగిస్తాయి. ఊదారంగుకు ఆవల ఉండేవి అతినీలలోహిత కిరణాలు. జర్మనీ శాస్త్రజ్ఞుడు యోహాన్ రిట్టర్ వీటి ఉనికిని 1801లో గుర్తించాడు. వెలుగు తగిలితే నల్లబడే సిల్వర్ క్లోరైడ్ అనే పదార్థాన్ని ఆయన వర్ణపటంలో వేర్వేరు చోట్ల ఉంచి చూడగా, ఊదారంగు దాటిన తరువాత, ఏ వెలుగూ కనిపించని చోట, అది మరింత త్వరగా నల్లబడింది.

భూమిని చేరే అతినీలలోహిత కిరణాలు రెండు విధాలు. వీటిలో సుమారు 95 శాతం ‘ఎ’ రకానికి చెందినవి. ఇవి చర్మపు లోపలిపొరల వరకు చొచ్చుకొనిపోతాయి; మామూలు కిటికీ అద్దాన్ని కూడా దాటగలవు. మిగిలిన కొద్దిపాటి ‘బి’ రకం కిరణాలు చర్మపు పైపొరలోనే చాలావరకు ఆగిపోతాయి. కాని వాటి శక్తి ఎక్కువ. చర్మం కమిలిపోవడానికి ప్రధాన కారణం అవే.

వేడి వేరు, హాని వేరు

ఎండ తీవ్రతను మనుషులు వేడిని బట్టి అంచనా వేస్తారు. ఈ అలవాటే చాలా అనర్థాలకు మూలం. వేడిని చర్మం వెంటనే పసిగడుతుంది. అతినీలలోహిత కిరణాలను పసిగట్టే శక్తి దానికి లేదు. అవి తగిలిన కొన్ని గంటలకు గాని మంట మొదలుకాదు. ఆ మంట మరునాటికి గాని పూర్తిగా బయటపడదు.

వేసవిలో తెలుగునాట నడిచే ఒంటిపూట బడులు ఇందుకు చక్కని ఉదాహరణ. పిల్లలు మధ్యాహ్నం 12:30 ప్రాంతంలో ఇళ్లకు బయలుదేరుతారు. రోజులో ఉష్ణోగ్రత పరాకాష్ఠకు చేరేది సాధారణంగా 2 గంటల తరువాత. కాబట్టి ఈ ఏర్పాటు వడదెబ్బ నుండి కాపాడుతుంది. కాని ఆ నెలల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు 12 నుండి 12:30 గంటల మధ్యనే. అతినీలలోహిత కిరణాల తీవ్రత అత్యధికంగా ఉండేది కూడా అప్పుడే. సైకిలెక్కి ఇంటికి మళ్లే బాలుడు వడగాలిని తప్పించుకొంటాడు గాని, ఆ కిరణాలకు సరిగ్గా ఎదురు వెళతాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు హెచ్చరించింది వేడిని గురించి. ఈ రెండవ శత్రువును గురించిన హెచ్చరికను విజ్ఞానశాస్త్రం అందించింది.

ఆ హెచ్చరిక పేరు అతినీలలోహిత సూచి. ఇది 2 లోపు ఉంటే ప్రమాదం స్వల్పం. 3 నుండి రక్షణ అవసరం. 8 దాటితే తీవ్రం. 11, ఆపైన అతితీవ్రం. తెలుగునాట వేసవి మధ్యాహ్నాలలో ఈ సూచి 11 దాటడం సాధారణం. చలికాలపు మధ్యాహ్నం హాయిగా అనిపించినా సూచి మాత్రం రక్షణ అవసరమైన స్థాయిలోనే ఉంటుంది. పలుచని మబ్బు ఈ కిరణాలను అంతగా అడ్డుకోదు. సూచి తెలియనప్పుడు నీడను చూసి గ్రహించవచ్చు. మనిషి నీడ అతని ఎత్తుకంటే పొట్టిగా ఉంటే కిరణాలు బలంగా ఉన్నాయని అర్థం.

చర్మంలో కలిగే మార్పులు

చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మకణాలలోని జన్యుపదార్థం దెబ్బతింటుంది. ఆ ప్రమాదాన్ని గుర్తించిన శరీరం మెలనిన్‌ను అధికంగా తయారుచేస్తుంది. ఆ మెలనిన్ రేణువులు కణకేంద్రకానికి పైభాగాన చేరి, దానికి గొడుగు పట్టినట్లు నిలుస్తాయి. ఎండకు తిరిగినవారు నల్లబడటానికి కారణం ఇదే. అంటే ఆ నలుపు రోగం కాదు. శరీరం చేసుకొన్న ఆత్మరక్షణ. అయితే అప్పటికే కొంత హాని జరిగిందనడానికి కూడా అది గుర్తు.

ఈ నలుపు కొన్ని వారాలకు తగ్గుతుంది. లోపల జరిగిన హాని మాత్రం ఏళ్ల తరబడి పోగుపడుతుంది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తంతువులు క్రమంగా క్షీణిస్తాయి. ముడతలు, గరుకుదనం, బుగ్గలపై మంగుమచ్చలు ఏర్పడతాయి. అమెరికాలో 28 ఏళ్లపాటు లారీ నడిపిన ఒక 69 ఏళ్ల వ్యక్తి ముఖచిత్రం 2012లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో వెలువడింది. కిటికీ వైపు ఉండే అతని ఎడమ చెంప దళసరి ముడతలతో వేలాడుతుండగా, కుడి చెంప ఎంతో తక్కువ వయస్సు గలవానిదిగా కనిపించింది. రెండు చెంపల వయస్సు ఒక్కటే. తేడా ఎండలో మాత్రమే ఉంది.

సూర్యరశ్మి క్యాన్సరుకు కారణం కాగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే నిర్ధారించింది. మెలనిన్ అధికంగా గల భారతీయులలో చర్మక్యాన్సరు తెల్లజాతివారిలో కంటే చాలా తక్కువ. అంతమాత్రం చేత పూర్తి అభయం లభించినట్లు కాదు. బొల్లి మచ్చలు గలవారికి, పుట్టుకతో మెలనిన్ లేనివారికి ఈ సహజరక్షణ కొరవడుతుంది. డాక్సిసైక్లిన్ వంటి కొన్ని మందులు వాడేవారి చర్మం కొద్దిపాటి ఎండకే కమిలిపోతుంది. కంటిలో శుక్లాలు, కండ పెరగడం వంటి సమస్యలకు కూడా ఈ కిరణాలు దోహదం చేస్తాయి.

భయపడవలసింది నలుపుకు కాదు

సమాజంలో తెల్లదనంపై ఉన్న మోజు ఈ విషయాన్ని తప్పుదారి పట్టించింది. ‘ఎండలో తిరిగితే నల్లబడతావు’ అని ఆడపిల్లలకు సైకిలును దూరం చేసే ఇళ్లు నేటికీ ఉన్నాయి. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు అందించే పథకాన్ని ప్రారంభించిన తరువాత, ఉన్నత పాఠశాలల్లో చేరే బాలికల సంఖ్య గణనీయంగా పెరిగిందని పరిశోధకులు తేల్చారు. చదువుకు దారి చూపే వాహనాన్ని మేనిఛాయ కోసం వదులుకోవడం వివేకం కాదు. మేనిఛాయకు, చర్మారోగ్యానికి భేదం ఉంది. రక్షణ కోరవలసింది ఆరోగ్యం కోసమే.

ఈ భేదం తెలియక కొందరు ముఖానికి నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళతారు. నిమ్మరసంలోని కొన్ని రసాయనాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి, బొబ్బలను, నల్లని మచ్చలను మిగులుస్తాయి. తెల్లదనం కోసం చేసిన ప్రయత్నం ఇలా వికటిస్తుంది.

రక్షణ మార్గాలు

ఆస్ట్రేలియాలో 1981లో ఒక ప్రచారం మొదలైంది. చొక్కా తొడుక్కోవడం, రక్షణ క్రీము రాసుకోవడం, టోపీ పెట్టుకోవడం అందులోని మూడు సూత్రాలు. నీడను ఆశ్రయించడం, చలువ అద్దాలు ధరించడం అనే మరి రెండు సూత్రాలు 2007లో చేరాయి. సైకిలుదారులకు ఈ ఐదూ వర్తిస్తాయి.

వీటికంటె ముందు గమనించవలసింది వేళ. రోజంతటిలో భూమిని చేరే అతినీలలోహిత కిరణాలలో సగానికి మించినవి ఉదయం 10 నుండి మధ్యాహ్నం 2 గంటల లోపు చేరుతాయి. వీలైన ప్రయాణాలను ఆ వేళకు ముందో, తరువాతో పెట్టుకోవడం ఖర్చులేని రక్షణ.

రెండవది వస్త్రం. ఒత్తుగా నేసిన, ముదురు రంగు గల, వదులైన పొడవు చేతుల చొక్కా ఎంతో మేలు చేస్తుంది. పలుచని తెల్లని నూలుబట్ట చెమటకు తడిస్తే దాని రక్షణశక్తి తగ్గుతుంది. హ్యాండిల్ పట్టుకొని ముందుకు వంగినప్పుడు ముంజేతులు, మెడ వెనుకభాగం, చెవులు, ముక్కు నేరుగా ఎండకు గురవుతాయి. రైతు తలపాగా చుట్టి, దాని కొసను మెడపైకి జారవిడవడంలోని ఔచిత్యం ఇక్కడ స్పష్టమవుతుంది. సైకిలుదారుడు హెల్మెట్ కింద పలుచని వస్త్రాన్ని మెడను కప్పేలా ధరించవచ్చు. ఆ వస్త్రం కొసలు చక్రంలో చిక్కుకోకుండా లోపలికి దోపుకోవాలి.

మూడవది నీడ. హైదరాబాదులో బాహ్యవలయ రహదారి వెంబడి 23 కిలోమీటర్ల సైకిలు మార్గం 2023 అక్టోబరులో ప్రారంభమైంది. దానిపై కప్పుగా అమర్చిన సౌరఫలకాలు ఏ ఎండ నుండి రక్షిస్తాయో ఆ ఎండతోనే విద్యుత్తును ఉత్పత్తి చేస్తాయి. అటువంటి మార్గాలు అన్ని ఊళ్లకూ సాధ్యం కావు గాని, బాటల వెంట చెట్లు నాటడం అన్ని ఊళ్లకూ సాధ్యమే. ఆకాశంలో చెదిరిన కిరణాలు నీడలోకి కూడా వస్తాయి కనుక నీడ ఒక్కటే చాలదు.

నాలుగవది క్రీము. వస్త్రం కప్పని చోట దీని అవసరం ఉంటుంది. దానిపై ఉండే ఎస్.పి.ఎఫ్. సంఖ్య ‘బి’ రకం కిరణాలను ఎంతవరకు అడ్డుకొంటుందో తెలుపుతుంది. 30 సంఖ్య గల క్రీము తగినంత రాస్తే సుమారు 97 శాతాన్ని, 50 సంఖ్య గలది 98 శాతాన్ని ఆపుతాయి. కనుక సంఖ్యకంటె రాసే పరిమాణమే ముఖ్యం. ముఖానికి, మెడకు కలిపి ఒక చెంచాడు కావాలి. ‘ఎ’ రకాన్ని కూడా అడ్డుకొనే క్రీమునే ఎంచుకోవాలి. బయలుదేరడానికి పావుగంట ముందు రాసుకొని, చెమట పట్టే ప్రయాణాలలో రెండు గంటలకొకసారి తిరిగి రాసుకోవాలి. ఆస్ట్రేలియాలోని నంబోర్ పట్టణంలో 1992లో 1,621 మందితో మొదలైన పరిశోధన దీని ప్రయోజనాన్ని నిరూపించింది. నాలుగున్నరేళ్లు ప్రతిదినం క్రీము వాడినవారిలో ఒక రకపు చర్మక్యాన్సరు సుమారు 40 శాతం తగ్గింది. వారి చర్మంపై వయస్సు గుర్తులు కూడా మిగిలినవారికంటె తక్కువగా కనిపించాయి.

ఐదవది కంటిరక్షణ. చలువ అద్దాల రంగు ఎంత ముదురుగా ఉందన్నది ప్రధానం కాదు. అవి అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపాలి. ఆ గుణం లేని నల్లద్దాలు కంటిపాపను విప్పారజేసి హానిని పెంచవచ్చు.

సైకిలు ఇంధనం కోరదు, పొగ వదలదు, శరీరానికి వ్యాయామాన్ని ప్రసాదిస్తుంది. ఎండకు వెరచి దానిని మూలన పెట్టడం ఎంత పొరపాటో, ఎండను లక్ష్యపెట్టక తిరగడం అంత పొరపాటు. యౌవనంలో చర్మం అన్నింటినీ సహించినట్లే కనిపిస్తుంది. అది సహించిన ప్రతి ఎండా దానిలో జమ అవుతూనే ఉంటుంది. ఒక చొక్కా, ఒక తలగుడ్డ, కాస్త ముందుచూపు ఉంటే ఆ లెక్క చాలావరకు తగ్గుతుంది.